ఒక్క కాలు ఎత్తితే తెరుచుకునే తాళం: పాత నింటెండోకి ఇంట్లో చేసుకునే మార్పులు

మా అన్నయ్య డల్లాస్‌లో ఒక గ్యారేజ్ సేల్‌లో పాత నింటెండో కొని, సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి హైదరాబాద్ పట్టుకొచ్చాడు. బూడిద రంగు డబ్బా. ముందు మూత ఎత్తి, కేసెట్ లోపలికి తోసి, కిందికి నొక్కాలి, అచ్చం పాత వీసీఆర్‌లా. 1985 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో మొదట అమ్మకానికి పెట్టిన నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ ఇదే. పొట్టిగా ఎన్‌ఈఎస్ అంటారు. దాన్ని టీవీకి తగిలించి పవర్ బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. సెకనుకోసారి అలా కొట్టుకుంటూనే ఉంది. తెర మీద వెలుగు కూడా దాంతోపాటే మెరిసి మాయమవుతోంది.

ఏం చేయాలా అని వెతికితే సలహాలకు కొదవ లేదు. కేసెట్ వచ్చి కూర్చునే కనెక్టర్ మార్చమని ఒకరు, కనెక్టర్‌ని నీళ్లలో ఉడకబెట్టమని ఇంకొకరు. చిప్ కాలు కత్తిరించమని, కరెంటుని కాస్త నిల్వ ఉంచే కెపాసిటర్లన్నీ పీకేసి కొత్తవి వేయమని, హెచ్‌డీఎంఐ బోర్డు పెట్టించమని మరికొందరు. అన్నీ నిజమైన పనులే. కానీ ఏ మందు ఏ జబ్బుకో తెలియకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే, నలభై ఏళ్లు బతికిన బోర్డు ఒక్క సాయంత్రంలో పోతుంది.

నాకు ఈ చిక్కు విడింది ఒక విషయం అర్థమయ్యాకే. ఎన్‌ఈఎస్ కొత్తగా పుట్టిన మెషీన్ కాదు. మసయుకి ఉయెమురా బృందం తయారుచేసి 1983 జూలైలో జపాన్‌లో విడుదలైన ఫ్యామికామ్‌కి ఇది అమెరికా వేషం. సముద్రం దాటేటప్పుడు దాని రూపం మార్చారు, నోరు మార్చారు, తాళం వేశారు, సౌండ్ దారి ఒకటి మూసేశారు. ఈరోజు మనం ఇంట్లో చేసుకునే మార్పుల్లో సగానికి పైగా అప్పటి ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడమే. అలా చూస్తే ఏ తీగ ఎందుకు కలుపుతున్నామో దానంతటదే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ప్లగ్

అమెరికా నుంచి వచ్చిన ఎన్‌ఈఎస్‌తో పాటు ఇచ్చే అడాప్టర్ 120 వోల్టులకు తయారైంది. మన ఇంట్లో వచ్చేది 230. ప్లగ్ పిన్ను మార్చే చిన్న ముక్క తగిలించి నేరుగా పెడితే అడాప్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అది కాలేలోపు డబ్బాలోకి రెట్టింపు వోల్టేజ్ కూడా పోవచ్చు. ప్లగ్ ఆకారం మార్చే ముక్క వోల్టేజ్‌ని మార్చదు. ఫోన్ చార్జర్లకు అలవాటు పడిన మనకు ఇది గుర్తు రాదు, ఎందుకంటే అవి 100 నుంచి 240 దాకా దేన్నైనా తట్టుకుంటాయి. 1980ల అడాప్టర్ తట్టుకోదు.

మంచి సంగతి ఏమిటంటే, ఎన్‌ఈఎస్ అడాప్టర్ బయటికి ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. ఏసీని డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా, మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ డబ్బా లోపలే ఉంటుంది. అందువల్ల మన దగ్గర దొరికే మామూలు 9 వోల్టుల డీసీ అడాప్టర్, 1.3 ఆంపియర్లో అంతకంటే కాస్త ఎక్కువో ఇచ్చేది, పిన్ను సరిపోతే చాలు. ప్లస్ లోపలున్నా మైనస్ లోపలున్నా బ్రిడ్జ్ సర్దేస్తుంది. పైగా వేడి కూడా తగ్గుతుంది. 9 వోల్టుల ఏసీ బ్రిడ్జ్ దాటేసరికి సుమారు 11 వోల్టుల డీసీ అవుతుంది. దాన్ని 7805 అనే రెగ్యులేటర్ 5 వోల్టులకు దించుతుంది, మిగతాదంతా వేడిగా పారేస్తుంది. 9 వోల్టుల డీసీ ఇస్తే దానికి చేరేది ఏడున్నర చిల్లరే.

జపాన్ ఫ్యామికామ్‌కి మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. దానిది 10 వోల్టుల డీసీ, మధ్య పిన్ను మైనస్, లోపల బ్రిడ్జ్ లేదు. ఎన్‌ఈఎస్ ఏసీ అడాప్టర్‌ని పొరపాటున దానికి పెడితే ప్రమాదమే. పక్కపక్కన రెండూ ఉన్నవాళ్లు అడాప్టర్ల మీద పేర్లు రాసి అంటించుకోవడం మంచిది.

కెపాసిటర్ల గురించి నా అభిప్రాయం చెప్తాను. విద్యుత్తు లోపలికి వచ్చేచోట, వెనక ఉన్న రేకు పెట్టెలో, 2200 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది ఎండిపోతే బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతాయి, స్పీకర్లో గుయ్యిమని రొద వస్తుంది. ఆ గుర్తులుంటే మార్చాలి. ఏ గుర్తూ లేకుండా, వయసైందని బోర్డు మీద ఉన్నవన్నీ పీకేయడం వల్ల బాగుపడిన బోర్డుల కంటే, వేడికి ప్యాడ్లు, అంటే కాళ్లు అతికే రాగి చుక్కలు, ఊడిపోయి చెడినవాటినే నేను ఎక్కువ చూశాను.

నోరు, తాళం

ఇప్పుడు కొట్టుకుంటున్న ఎర్ర లైటు దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. అందరూ తికమకపడేది ఇక్కడే.

మొదటిది నోరు. ఫ్యామికామ్‌లో కేసెట్ పైనుంచి నిటారుగా దిగుతుంది. మన ఇళ్లలో ఉన్న వీడియో గేమ్‌లూ అంతే. అమెరికాలో 1983లో వీడియో గేమ్‌ల మార్కెట్ కుప్పకూలింది, ఆ పేరు వింటేనే దుకాణాలవాళ్లు ముఖం తిప్పుకునే పరిస్థితి వచ్చింది. అందుకే ఈ మెషీన్ ఆటవస్తువులా కాకుండా వీసీఆర్‌లా కనిపించాలనుకున్నారు. లాన్స్ బార్ గీసిన ఈ డబ్బా ఆ ఆలోచన నుంచి వచ్చింది. కేసెట్ ముందునుంచి వెళ్లాలి, కిందికి నొక్కాలి. దానికోసం 72 పిన్నుల ప్రత్యేకమైన కనెక్టర్ పెట్టారు. కేసెట్ దూర్చేటప్పుడు పిన్నులు తేలిగ్గా వదులుతాయి, కిందికి నొక్కినప్పుడే పట్టుకుంటాయి. వేల సార్లు అలా వంగి వంగి ఆ పిన్నుల బిగువు పోతుంది. దానికి తోడు మురికి.

చిన్నప్పుడు మనందరం చేసిన పని ఇక్కడ చెప్పక తప్పదు: కేసెట్ తీసి నోటితో ఊదడం. ఊదడం వల్ల ఏమీ బాగుపడలేదు. తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్త చోట తగిలి పనిచేసేవి. నోటి తడి మాత్రం రాగి రేకుల మీద ఉండిపోయి వాటిని మెల్లగా తినేసింది.

రెండోది తాళం. ఫ్యామికామ్‌లో తాళం లేదు, ఎవరు కేసెట్ తయారుచేసినా ఆడేది. అమెరికాకి వెళ్లేటప్పుడు నింటెండో తన అనుమతి లేని కేసెట్లు ఆడకూడదనుకుంది. బోర్డు మీద 16 కాళ్ల చిన్న చిప్ పెట్టింది, అదే చిప్ ప్రతి కేసెట్‌లోనూ పెట్టింది. దీన్ని 10ఎన్‌ఈఎస్ అంటారు. అది పనిచేసే తీరు ఇలా ఊహించుకోండి. బడిలో పంతులు, పిల్లవాడు ఇద్దరూ కలిసి పదమూడో ఎక్కం ఒకే వేగంతో పైకి చదువుతున్నారు. ఇద్దరికీ ఎక్కం వచ్చు కాబట్టి ప్రతి అంకె దగ్గరా గొంతులు కలుస్తాయి. పిల్లవాడు ఒక్క అంకె తప్పినా, ఒక్క క్షణం ఆగినా, పంతులు "మళ్లీ మొదటి నుంచి" అంటాడు. డబ్బాలోని చిప్ పంతులు, కేసెట్‌లోని చిప్ పిల్లవాడు. "మళ్లీ మొదటి నుంచి" అనడమే రీసెట్. సెకనుకోసారి ఎర్ర లైటు కొట్టుకుంటోందంటే, సెకనుకోసారి పంతులు కోప్పడుతున్నాడన్నమాట.

ఇప్పుడు చిక్కు విడదీయొచ్చు. నా కేసెట్ దొంగ కేసెట్ కాదు, దానిలో సరైన చిప్ ఉంది. కానీ 72 పిన్నుల్లో నాలుగు ఈ సంభాషణకే కేటాయించారు. ఆ నాలుగింటిలో ఒకటి సరిగ్గా తగలకపోతే పిల్లవాడి గొంతు పంతులికి వినిపించదు. ఆట తాలూకు పిన్నులన్నీ బాగున్నా మెషీన్ రీసెట్ అవుతూనే ఉంటుంది. అంటే దొంగల కోసం వేసిన తాళం, నోరు అరిగిపోయాక, సొంతవాళ్లనే బయట నిలబెడుతోంది.

ఈ తాళానికి చేసే మార్పు అందంగా ఉంటుంది. రెండు వైపులా ఉన్నది ఒకే రకం చిప్, ఒకే ప్రోగ్రామ్. తను పంతులా, పిల్లవాడా అన్నది చిప్‌కి తెలిసేది దాని నాలుగో కాలు వల్ల. డబ్బాలో ఆ కాలికి 5 వోల్టులు అందుతాయి, కాబట్టి అది పంతులు అనుకుంటుంది. ఆ కాలిని బోర్డు నుంచి విడదీసి గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల వైపుకి, కలిపితే తను పిల్లవాడిననుకుంటుంది. ఇద్దరూ పిల్లలే అయ్యాక కోప్పడేవాళ్లు ఎవరూ ఉండరు. రీసెట్ రాదు. అంతే, తాళం తెరుచుకున్నట్టే. అమెరికా బోర్డు మీద ఈ చిప్ పక్కన యూ10 అని అచ్చు వేసి ఉంటుంది.

చాలామంది ఆ కాలిని కత్తిరించి వదిలేస్తారు. నేను వద్దంటాను. గాలిలో వేలాడే కాలికి ఏ వోల్టేజ్ అందుతుందో చెప్పలేం, గ్రౌండ్‌కి కలిపితే సందేహం ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. సోల్డర్ కరిగించి కాలిని నెమ్మదిగా పైకి ఎత్తితే, రేపు ఎవరైనా పాత స్థితికి తీసుకురావాలనుకుంటే కిందికి వంచి అతికిస్తే సరిపోతుంది. ఎత్తడం రాకపోతే బోర్డుకి ఆనించి అడుగున కత్తిరించండి, అప్పుడు అతికించడానికి సరిపడా కాలు మిగులుతుంది. చిప్ ఒంటికి దగ్గరగా కత్తిరిస్తే ఇక దారి లేదు.

కాలు ఎత్తగానే నా డబ్బాలో లైటు కొట్టుకోవడం ఆగింది. కానీ తెర మీద ఆట రాలేదు. గళ్లు గళ్లుగా చెత్త బొమ్మలు వచ్చాయి. నాలుగు పిన్నుల మాట తేలింది, మిగతా అరవై ఎనిమిదింటి మురికి అలాగే ఉంది మరి. కాబట్టి వరుస ఇది: ముందు శుభ్రం, తర్వాతే తాళం. కేసెట్ రేకుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో, బడ్ నల్లగా రావడం ఆగేదాకా తుడవాలి. కనెక్టర్‌ని బోర్డుకి సోల్డర్ చేయలేదు, అంచుకి తొడిగారంతే. స్క్రూలు విప్పి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. చాలామంది కేసెట్ వైపు మాత్రమే తుడిచి, బోర్డు అంచుని మర్చిపోతారు. అక్కడా అంతే మురికి ఉంటుంది. నీళ్లలో ఉడకబెట్టడం వినడానికి వింతగా ఉన్నా నిజంగానే పనిచేస్తుంది, జిడ్డంతా వదులుతుంది. తర్వాత ఒక రోజంతా ఆరనివ్వాలి. కొత్త కనెక్టర్లు తక్కువ ధరకే దొరుకుతాయి కానీ కొన్ని కేసెట్‌ని మరీ గట్టిగా పట్టేస్తాయి, తీసేటప్పుడు రేకులు గీసుకుపోతాయి. పాతది ఉడకబెట్టి చూశాకే కొత్తదాని జోలికి పోవడం మేలు.

ఈ తాళం చుట్టూ కోర్టు కథ కూడా నడిచింది. అటారీ గేమ్స్ అనే కంపెనీ దీన్ని విప్పలేక, కోర్టు కేసు ఉందని అబద్ధం చెప్పి అమెరికా కాపీరైట్ ఆఫీసు నుంచి ఆ ప్రోగ్రామ్ నకలు తెప్పించుకుంది. దాని ఆధారంగా సొంత చిప్ చేసి టెంజెన్ పేరుతో కేసెట్లు అమ్మింది. 1992లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పులో, ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో విప్పి చూసి నేర్చుకోవడం తప్పు కాదన్నారు, కానీ అబద్ధం చెప్పి తెచ్చుకున్న కాగితం ఆసరా కాదన్నారు. ఇంకొన్ని కంపెనీలు కేసెట్ నుంచే వోల్టేజ్ దెబ్బ కొట్టి పంతులిని కాసేపు మూర్ఛపోయేలా చేశాయి. నింటెండో తర్వాతి బోర్డుల్లో దానికి అడ్డుకట్ట వేసింది. చివరికి 1993లో పైనుంచి కేసెట్ పెట్టే చిన్న మోడల్ తెచ్చినప్పుడు నింటెండోయే ఆ తాళాన్ని తీసేసింది. వీసీఆర్ నోరు కూడా దాంతోపాటే పోయింది.

మూసేసిన సౌండ్ దారి

ఫ్యామికామ్ కేసెట్‌కి 60 పిన్నులు, ఎన్‌ఈఎస్‌కి 72. ఈ లెక్కలో ఒక చిన్న విషాదం ఉంది. అరవైలో రెండు తీసేశారు, తాళం కోసం నాలుగు, భవిష్యత్తు అవసరాల కోసం పది కలిపారు. తీసేసిన ఆ రెండూ సౌండువి. ఫ్యామికామ్‌లో మెషీన్ సౌండ్ ఒక పిన్ను గుండా కేసెట్‌లోకి వెళ్లి, కేసెట్‌లో ఉన్న సొంత సౌండ్ చిప్‌తో కలిసి, ఇంకో పిన్ను గుండా వెనక్కి వచ్చేది. మెషీన్‌కి ఉన్నవి అయిదు గొంతులే: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒకటి రికార్డు చేసిన చిన్న శబ్దాల కోసం. జపాన్‌లో కొనామి వీఆర్‌సీ6 అనే చిప్ కేసెట్‌లో పెట్టి మరో మూడు గొంతులు చేర్చింది. ఆ చిప్ ఉన్న పిశాచాల కోట ఆట 1990లో అమెరికాకి వచ్చేసరికి ఆ మూడు గొంతులూ లేవు. పాట అదే, కానీ బక్కచిక్కింది.

మార్చుకోవడం చాలా సులువు. డబ్బా అడుగున, విరగ్గొట్టి తీయాల్సిన ప్లాస్టిక్ మూత వెనక, నింటెండో ఎప్పుడూ వాడని ఒక పోర్టు ఉంది. దాని 3వ, 9వ పిన్నుల మధ్య 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే కేసెట్ వైపు నుంచి వచ్చే సౌండ్ మెషీన్ సౌండ్‌తో కలుస్తుంది. జపాన్ కేసెట్ పెట్టడానికి వాడే 60 నుంచి 72 పిన్నుల అడాప్టర్ కూడా ఆ సౌండుని సరైన పిన్నుకి చేర్చేది అయి ఉండాలి. రెసిస్టర్ విలువ పెంచితే కొత్త గొంతులు తగ్గుతాయి, తగ్గిస్తే పెరుగుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో ఆ రెసిస్టర్ కొన్నప్పుడు ఒక్కటి ఇవ్వనన్నారు, పొట్లం కొనాల్సి వచ్చింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఆనందం ఇచ్చిన మార్పు నాకు వేరే లేదు.

బొమ్మ

ఖర్చు, శ్రమ, ప్రమాదం మూడూ పెరిగేది ఇక్కడే.

ఎన్‌ఈఎస్‌లో బొమ్మ గీసే చిప్‌ని పీపీయూ అంటారు. చాలా మెషీన్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా తయారై, ఆ తర్వాత ఒకే తీగలోకి కలుస్తాయి. అలాంటివాటిలో కలవక ముందే మూడు తీగలు బయటికి లాగితే మంచి బొమ్మ వస్తుంది. ఈ పీపీయూ అలా కాదు. రంగుకో నంబరు పెట్టుకుని, ఆ నంబరు నుంచి నేరుగా కాంపోజిట్ సిగ్నల్‌నే, అంటే మన పసుపు పిన్ను సిగ్నల్‌ని, 21వ కాలు మీద బయటికి పంపుతుంది. మూడు రంగులు విడివిడిగా ఉండే చోటు చిప్‌లో ఎక్కడా లేదు. లేనిదాన్ని బయటికి ఎలా లాగుతాం?

మొదట్లో జనం దీనికి కనిపెట్టిన దారి నాకు బాధ కలిగిస్తుంది. నింటెండో ప్లేచాయిస్-10 అనే ఆర్కేడ్ మెషీన్‌లో, అంటే నాణెం వేసి ఆడే మెషీన్‌లో, ఇదే కుటుంబానికి చెందిన, మూడు రంగులు విడిగా ఇచ్చే పీపీయూ ఉండేది. దాన్ని పీకి ఎన్‌ఈఎస్‌లో పెట్టేవారు. రంగులు కాస్త తేడాగా వచ్చేవి, కొన్ని ఆటల్లో తెర తెల్లబోయేది. అంతకంటే ముఖ్యంగా, ఒక డబ్బా బాగుపడడానికి ఒక ఆర్కేడ్ బోర్డు చచ్చిపోయేది.

ఆ తర్వాత టిమ్ వర్తింగ్టన్ చేసిన ఎన్‌ఈఎస్‌ఆర్‌జీబీ బోర్డు ఈ దారిని మార్చేసింది. పీపీయూకి నింటెండో వాడకుండా గ్రౌండ్‌కి కలిపేసిన నాలుగు కాళ్లున్నాయి. వాటిమీద, కాంపోజిట్‌గా మారక ముందే, రంగు సమాచారాన్ని బయటికి తీయవచ్చు. ఆ బోర్డు పీపీయూకి, మదర్‌బోర్డుకి మధ్య కూర్చుని ఆ సమాచారం చదివి, రంగుల పట్టికని తనే గుర్తుపెట్టుకుని, ఎరుపు ఆకుపచ్చ నీలం తయారుచేసి ఇస్తుంది. కెవిన్ హార్టన్ చేసిన హై-డెఫ్ ఎన్‌ఈఎస్ ఇంకో అడుగు ముందుకేసి హెచ్‌డీఎంఐ ఇస్తుంది, దానికి ప్రాసెసర్‌ని కూడా ఊడదీయాలి.

ఊడదీయడం అన్నాను కదా, అసలు పరీక్ష అదే. పీపీయూకి 40 కాళ్లు. ప్రతి కాలి చుట్టూ ఉన్న సోల్డర్‌ని పంపుతో పీల్చాలి, కాలు రంధ్రంలో కదిలేదాకా. ఒక్క కాలు అతుక్కుని ఉండగా లాగితే ప్యాడ్‌తో పాటు ట్రాక్ కూడా లేచి వస్తుంది. పాత సోల్డర్ మొండిగా ఉంటుంది. దానికి ముందు కాస్త కొత్త సోల్డర్, ఫ్లక్స్ పట్టిస్తే తేలిగ్గా కరుగుతుంది. నేను ఈ పని మూలపడిన డీవీడీ ప్లేయర్ బోర్డు మీద రెండు నెలలు నేర్చుకున్నాను. వరసగా మూడు చిప్పులు ప్యాడ్ చెడకుండా తీయగలిగాకే ఎన్‌ఈఎస్ ముట్టుకున్నాను. ఫ్యాన్ వేసుకుని పొగ ముఖానికి రాకుండా చూసుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పాత సోల్డర్‌లో సీసం ఉంటుంది.

అయితే ఇంత దూరం వెళ్లాలా? ముందు టీవీ ఏం చేస్తోందో చూడాలి. ఎన్‌ఈఎస్ ఒక ఫ్రేమ్‌లో 240 గీతలు పూర్తిగా గీస్తుంది, సెకనుకి 60 సార్లు. నేటి ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు దాన్ని సగం సగం గీతలుగా వచ్చే పాత టీవీ ప్రసారం అనుకుని, రెండేసి ఫ్రేముల్ని కలిపి కుట్టడానికి ప్రయత్నిస్తాయి. బొమ్మ మసకబారుతుంది, బటన్ నొక్కడానికీ గెంతడానికీ మధ్య ఆలస్యం వస్తుంది. దెబ్బ తగిలి మిణుకుమిణుకుమనే పాత్ర ఒక్కోసారి పూర్తిగా మాయమైపోతుంది. ఇది డబ్బా తప్పు కాదు. రెట్రోటింక్ లాంటి కన్వర్టర్ ఒకటి పసుపు తీగకి, టీవీకి మధ్య పెడితే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది, స్క్రూ కూడా విప్పక్కర్లేదు. నన్నడిగితే ముందు ఇది చూడండి. దీంతో తృప్తి పడితే పీపీయూని దాని మానాన వదిలేయండి.

తుపాకీతో పక్షుల్ని కొట్టే ఆట కోసమే ఇదంతా చేస్తున్నట్లయితే ఏ హెచ్‌డీఎంఐ బోర్డూ సాయపడదు. ఆ తుపాకీలోని సెన్సర్ పాత గాజు టీవీ వెలుగు కొట్టుకునే వేగాన్నే గుర్తుపడుతుంది. పాత టీవీనే వెతుక్కోవాలి. ఆ టీవీ మూత మాత్రం విప్పొద్దు. ఎన్‌ఈఎస్ లోపల ప్రాణం తీసే వోల్టేజ్ లేదు, రంగుల గాజు టీవీలో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ఆపేశాక కూడా కొంత నిలిచి ఉండొచ్చు.

కేసెట్ల సంగతి ఒక్క మాట. ఆటని మధ్యలో సేవ్ చేసుకునే కేసెట్లలో బటన్ సెల్ ఒకటి ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032. అది పోతే ఆట ఆడుతుంది, సేవ్ మాత్రం నిలవదు. మార్చేటప్పుడు రేకు చెవులు అతికించి ఉన్న సెల్ కొనండి. మామూలు సెల్ మీద నేరుగా ఐరన్ పెట్టొద్దు, వేడికి పేలుతుంది.

మన ఇంట్లో ఉన్నది

మన దగ్గర 1990లలో వీడియో గేమ్ అంటే ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఎన్‌ఈఎస్ కాదు, ఫ్యామికామ్ నకళ్లు. 60 పిన్నుల కేసెట్, పైనుంచి పెట్టే నోరు. ఫ్యామికామ్‌కి తాళం లేదు కాబట్టి నకలుకీ లేదు. పక్కింటి కేసెట్, ఎగ్జిబిషన్‌లో కొన్న కేసెట్, ఏదైనా మారు మాట్లాడకుండా ఆడింది అందుకే. అమెరికా పిల్లలకు లేని ఆ స్వేచ్ఛ మనకు తెలియకుండానే దక్కింది.

మా అటక మీద నుంచి మా పాత డబ్బా దించి విప్పాను. లోపల 40 కాళ్ల చిప్పులేవీ లేవు. మొత్తం మెషీన్ ఒకే చిప్‌లోకి కుదించి, దానిమీద నల్లటి జిగురు బొట్టు పెట్టేశారు. ఎత్తడానికి కాలు లేదు, మార్చడానికి పీపీయూ లేదు. చేయగలిగింది ఒక్కటే. ఇది బొమ్మని టీవీ ఏరియల్ సిగ్నల్‌గా మార్చి పంపుతుంది. అలా మారక ముందు వీడియో, ఆడియో రెండూ రేకు డబ్బీలోకి వెళ్లేచోట దొరుకుతాయి. అక్కడి నుంచి వీడియోని ఒక ట్రాన్సిస్టర్, రెండు మూడు రెసిస్టర్ల చిన్న సర్క్యూట్ గుండా పసుపు పిన్నుకి, ఆడియోని ఇంకో పిన్నుకి లాగాను. వీడియో తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పొడవైతే పక్క తీగల సందడి బొమ్మ మీద నిలువు చారలుగా కనిపిస్తుంది. ఒక ఆదివారం పని.

రెండు డబ్బాల్నీ పక్కపక్కన పెట్టి ఒకే ఆట ఆడినప్పుడు తెలిసింది అసలు తేడా. అమెరికా డబ్బా సెకనుకి 60 ఫ్రేములు, మన దగ్గర నడిచే పాల్ (PAL) పద్ధతి టీవీల కోసం చేసిన నకలు 50. ఆట ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది. ప్రాసెసర్ వేగం మాత్రం ఇంచుమించు అసలుదానికి సమానంగా ఉంచారు, అందుకే శ్రుతి మారలేదు, లయ ఒక్కటే నిదానించింది. దానికి తోడు చాలా నకలు చిప్పుల్లో పల్స్ గొంతు గుణాన్ని నిర్ణయించే రెండు అమరికలు, 25 శాతం, 50 శాతం, తారుమారై ఉంటాయి. సన్నగా పలకాల్సిన స్వరం బొద్దుగా, బొద్దుగా పలకాల్సింది సన్నగా వినిపిస్తుంది.

మా అక్కని పిలిచి అమెరికా డబ్బాలో మొదటి లెవెల్ పెట్టాను. కాసేపు విని, "ఈ పాట ఇంత హడావిడిగా ఉండేదా? మనది ఇలా లేదే" అంది. తర్వాత నకలులో పెడితే రిమోట్ పక్కన పెట్టి, రెండో కంట్రోలర్ అడిగింది.

ఆ డబ్బాలో వీడియో, ఆడియో తీగలు తప్ప ఇంకేమీ మార్చలేదు.